మన్యమునకు అతిథియై పోవుట

మనిషి సంస్కారమును కొలుచుటకు అతనిని అతని ఇంటిలో చూచిన చాలదు. తన మాట చెల్లని చోట, తన భాష తెలియని వారి నడుమ, తన హోదాను గుర్తించువారెవ్వరును లేని ఊరిలో అతడు ఎట్లు కూర్చుండునో, ఎట్లు అడుగునో, ఇచ్చినదానిని ఎట్లు అందుకొనునో చూచినప్పుడే అతడు పొందిన శిక్షణ లోతు బయటపడును. ఇంతవరకు మన ఇంట, మన వీధిలో, మన ఉద్యోగస్థానమున అలవరచుకొనవలసిన గుణములను విచారించితిమి. ఈ అధ్యాయమున ఇల్లు విడిచి తూర్పు కనుమలలోని విశాఖ మన్యమునకు పోయి, అచ్చటి గిరిజనుల ఊళ్ళలో అతిథులుగా మెలగుట ఎట్లో విచారింతము.

అరకు, అనంతగిరి, పాడేరు, చింతపల్లి, లంబసింగి అను పేర్లు నేడు తెలుగునాట ఎరుగనివారు అరుదు. మంచు కొరకు, కాఫీ తోటల కొరకు, జలపాతముల కొరకు, బంగారురంగున విరిసిన వలిసెపూల చేల కొరకు శీతకాలపు సెలవులలో జనము గుంపులుగా ఘాట్ రోడ్లెక్కి పోవుచున్నారు. వారిలో అధికులు దుష్టులు కారు. అలసిన మనస్సునకు విశ్రాంతి కోరి పోవు గృహస్థులు, విద్యార్థులు, చిన్న ఉద్యోగులు. అయినను వారు దిగివచ్చిన పిమ్మట కొండమీద ప్లాస్టిక్ సీసాలును, పగిలిన గాజుపెంకులును, అడుగకుండ ఫొటోలు తీయబడిన స్త్రీల మనస్సులలో కోపమును మిగులుచున్నవి. ఆ ప్రదేశమును చూడదగిన దృశ్యముగా మాత్రమే తలచి పోవుటయే ఇందులకు మూలకారణము. అది తరతరములుగా ఎందరికో ఇల్లు, పొలము, గుడి, శ్మశానము అను సంగతి మనకు తట్టుట లేదు.

ప్రేక్షకుడై పోయినవాడు దృశ్యమును కోరును; అతిథియై పోయినవాడు అనుమతిని కోరును. ఈ రెండు కోరికల నడుమ గల దూరమును దాటుటకు ముందుగా తెలిసికొనుట, ఒదిగియుండుట, న్యాయముగా ఇచ్చుట, మితముగా పుచ్చుకొనుట అను నాలుగు అభ్యాసములు కావలెను. ఇవి మన్యమున మాత్రమే పనికివచ్చునవి కావు. అచ్చట వీనిని సాధించినవాడు ఎచ్చటికి పోయినను తలవంపులు తెచ్చుకొనడు.

మొదటి అభ్యాసము: ముందుగా తెలిసికొనుట

పెండ్లికి పోవునప్పుడు సైతము ఆ ఇంటివారెవరో, వారి ఆచారమేమో, ఎవరిని ఎట్లు పలుకరింపవలెనో తెలిసికొని పోవు మనము, మన్యమునకు పోవునప్పుడు మాత్రము చూడవలసిన చోట్ల జాబితాతో సరిపెట్టుకొందుము. ఆ జాబితాను వ్రాసికొనుటకు ముందే అచ్చటి జనులను గూర్చి కొంత చదువుకొనవలెను.

పాడేరు ముఖ్యపట్టణముగా 2022లో ఏర్పడిన జిల్లాకు అల్లూరి సీతారామరాజు పేరు పెట్టబడినది. ఆ కొండలలో వసించువారినందరిని మనము గిరిజనులను ఒక్క మాటలో చెప్పుదుము గాని, వారు భగతలు, కొండదొరలు, కోదులు, పోర్జాలు, గదబలు, కోటియాలు, వాల్మీకులు, నూకదొరలు, కొండకమ్మరులు మున్నగు పలు తెగలవారు. ఒక్కొక్కరి వివాహాచారములు వేరు, వృత్తులు వేరు, కొందరికి భాషలును వేరు. కోదుల కువి భాషయు, కొండదొరలలో కొందరు నేటికిని పలుకు కొండ లేక కూబి భాషయు తెలుగువలె ద్రావిడ కుటుంబమునకు చెందినవి. గదబలలో ఒక శాఖవారు మాటలాడు గుతొబ్ అందులకు భిన్నముగా ముండా కుటుంబమునకు చెందినది. వేరువేరు తెగలవారు సంతలో కలిసినప్పుడు పెక్కుచోట్ల ఆదివాసీ ఒడియాలో మాటలాడుకొందురు. చదువు లేదని మనము తలచెడి వృద్ధురాలు మూడు భాషలలో వ్యవహారము నడుపుట అచ్చట సామాన్యమైన విషయము. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి కొండ భాషను ఊరివారినుండి నేర్చి, దాని వ్యాకరణమును 1969లో గ్రంథముగా వెలువరించిరి. పండితుడు శిష్యుడై కూర్చున్న ఊళ్ళకు మనము గురువులమై పోరాదు.

చరిత్రయు కొంత తెలిసియుండవలెను. 1882 నాటి మదరాసు అటవీచట్టము అడవిని ప్రభుత్వపు సొత్తుగా కట్టడిచేసి, పోడు వ్యవసాయమును, అడవిలో స్వేచ్ఛగా తిరుగుటను అపరాధముగా మార్చెను. గూడెం కొండలలో రోడ్లు వేయుటకు గిరిజనులచేత సరియైన కూలి ఇవ్వక చాకిరి చేయించిరి. ఈ బాధలనుండియే 1922 ఆగస్టు 22వ తేదీన చింతపల్లి పోలీసు ఠాణాపై దాడితో మన్యపు తిరుగుబాటు మొదలయ్యెను. తరువాతి రెండు దినములలో కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై దాడులు జరిగెను. 1924 మే 7వ తేదీన కొయ్యూరు చెంత సీతారామరాజు కాల్చివేయబడెను. ఆయన ప్రక్కన నిలిచి పోరాడిన గాం గంటందొర, గాం మల్లుదొర సోదరులు కొండవారే. మల్లుదొర జైలుశిక్ష ననుభవించి బయటపడి, స్వతంత్ర భారతమున జరిగిన తొలి ఎన్నికలలో విశాఖపట్టణమునుండి లోక్‌సభకు ఎన్నికయ్యెను. లంబసింగి చలిని చూచుటకై చింతపల్లి దారిన పోవువాడు తాను పోవు రోడ్డు ఎవరి వెన్నుమీద వేయబడినదో ఎరిగియుండుట కనీస ధర్మము.

విశాఖపట్టణవాసులకు మరియొక సంగతి తెలియవలెను. బొర్రా గుహల దగ్గర ప్రవహించు గోస్తనీ నది కొండ దిగి తాటిపూడి జలాశయమును నింపి, భీమునిపట్నము వద్ద సముద్రమున కలియును. తాటిపూడి నీరు విశాఖ నగరపు దాహమును తీర్చు జలములలో ఒకటి. కావున మన్యమును ఎన్నడును చూడనివాడు సైతము ఆ కొండలకు ఋణపడియున్నాడు.

కాలమును, మార్గమును ఎన్నుకొనుట

ఆశ్వయుజము మొదలు మాఘము వరకు మన్యయాత్రకు అనువైన కాలము. కార్తిక మార్గశిరములలో వలిసె పూచును. అప్పటినుండి పుష్యము వరకు కాఫీ పండ్లు కోతకు వచ్చును. డిసెంబరు జనవరులలో లంబసింగి ప్రాంతమున కొన్ని రాత్రులు చలి సున్నా డిగ్రీల చేరువకు దిగును గనుక ఉన్నిబట్టలు లేక పిల్లలను, వృద్ధులను తీసికొనిపోరాదు. శ్రావణ భాద్రపదములలో కొండలు మిగుల రమ్యముగా ఉండుట నిజమేగాని, ఘాట్‌పై మట్టిపెళ్ళలు విరిగిపడుటయు, గెడ్డలు పొంగి దారులు తెగిపోవుటయు ఆ మాసములలోనే జరుగును.

రైలున పోవువారు విశాఖనుండి కిరండూలు బండి ఎక్కుదురు. బైలదిల్లా ఇనుపఖనిజమును జపానుకు ఎగుమతి చేయుటకై 1960 దశకమున వేసిన ఈ మార్గము, యాభైకి పైగా సొరంగములను దాటి, సముద్రమట్టమునకు సుమారు 996 మీటర్ల ఎత్తునగల శిమిలిగూడ మీదుగా అరకు చేరును. రోడ్డున పోవువారికి అరకునకు శృంగవరపుకోట దారి, పాడేరునకు చోడవరము మాడుగుల దారి, చింతపల్లికి నర్సీపట్నము దారి కలవు. ఏ దారిన పోయినను చీకటి పడకముందే ఘాట్ దాటవలెను. పొగమంచు కమ్మినప్పుడు బండి ఆపి నిలుచుట పిరికితనము కాదు. మలుపుల వద్ద ఫొటోల కొరకు వాహనములు నిలుపుట, పాటలు పెట్టి రోడ్డుపై నృత్యములు చేయుట ఎదురు వచ్చువారి ప్రాణములకు ముప్పు. ఆ రోడ్డుమీదనే గర్భిణులను, రోగులను ఆస్పత్రికి చేర్చు అంబులెన్సులు పోవును. రోడ్డు లేని గూడెములనుండి వారిని డోలీలో మోసికొని ఆ రోడ్డువరకు తెచ్చుటకే బంధువులు గంటలకొలది నడచియుందురు.

వెంట తీసికొనవలసినవి స్వల్పము: నీటికి స్వంత సీసా, చిల్లర నోట్లు, టార్చిలైటు, దోమలనుండి రక్షణకు పూతమందు, నిండుచేతుల చొక్కా, చెత్త తిరిగి తెచ్చుటకు ఒక సంచి. చాల గూడెములలో సెల్‌ఫోనుకు సిగ్నలు అందదు గనుక ఎచ్చటికి పోవుచున్నారో, ఎప్పుడు తిరిగి వత్తురో బస చేసినచోట చెప్పి పోవలెను. మన్యమున మలేరియా కలదు. తిరిగివచ్చిన కొన్ని వారములలో జ్వరము వచ్చినచో ఏజెన్సీకి పోయివచ్చిన సంగతిని వైద్యునికి మొట్టమొదట చెప్పవలెను. ఎవరైనను అపరిచితులు ఒక పొట్లమును ఇచ్చి మైదానమున ఫలానావారికి అందజేయుమని కోరినచో మర్యాదగా నిరాకరింపవలెను. ఈ దారులలో గంజాయి రవాణాకు ఎరుగక చిక్కినవారు జైళ్ళపాలగుట కలదు.

రెండవ అభ్యాసము: ఒదిగియుండుట

ఊరిలో అడుగిడుటకు ముందు ఊరివారిలో ఒకరిని పలుకరింపవలెను. ప్రతి ఊరికిని పెద్దలు కలరు. పాత కట్టుబాటు నిలిచిన ఊళ్ళలో నాయుడు పెద్దరికము వహించును, దిశారి ముహూర్తములు పెట్టును, పూజారి దేవతాకార్యములు నడుపును, బారిక ఊరికి కబురు చేర్చును. నేడు పంచాయతీ సర్పంచియు, వార్డు సభ్యులును, ఉపాధ్యాయులును కలరు. వీరిలో ఎవరికైనను నమస్కరించి, తామెవరో, ఎందులకు వచ్చితిమో, ఎంతసేపు ఉందుమో చెప్పి, లోనికి రావచ్చునా అని అడుగుటకు రెండు నిమిషములు పట్టును. ఆ రెండు నిమిషములు వెచ్చింపనివాడు ఊరంతయు తిరిగినను పరాయివాడుగనే తిరిగి వచ్చును. వారు కూర్చుండుమన్న చోట కూర్చుండవలెను. ఇంటిలోనికి పిలువనిదే గడప దాటరాదు. వంటయింటి వైపునకు, ఇంటి లోపలి దేవునిమూలకు పోరాదు.

ఊరి చివర చెట్టుక్రింద నిలిపిన రాళ్ళు, కొయ్యస్తంభములు మన కంటికి సామాన్యముగా కనబడవచ్చును. అవి వారి గ్రామదేవతలు, వారి పితరుల గుర్తులు కావచ్చును. వానిపై కూర్చుండుట, కాలు మోపుట, వస్తువులు ఆనించుట మన గర్భగుడిలో ఎవడో చెప్పులతో తిరుగుటకు ఏమియు తక్కువ కాదు. పండుగ దినములలో మరింత జాగ్రత్త కావలెను. చైత్రమున ఇటుకల పండుగ సమయమున పురుషులు వేటకు పోదురు, స్త్రీలు దారిలో అడ్డు నిలిచి పోవువారిని చిల్లర అడుగుదురు. అది బిచ్చము కాదు, దౌర్జన్యము కాదు, ఊరి ఉత్సవము. నవ్వుతో ఇచ్చి సాగిపోవలెను. క్రొత్త పంటను దేవతకు నివేదింపక ముందు తినరాదను నియమము పెక్కు ఊళ్ళలో కలదు. చెట్టున మామిడి కనబడినది గదా అని కోసి తినువాడు తాను ఒక వ్రతమును భంగపరచుచున్నానని ఎరుగడు.

థింసా నృత్యమును చూడవలెనను కోరిక సహజమైనదే. స్త్రీలు ఒకరి నడుము ఒకరు పట్టుకొని వలయముగా కదలుచు, డప్పు, మోరి మున్నగు వాద్యముల లయను అనుసరించి ఆడు ఆ నృత్యము వారి పెండ్లిండ్లకు, పండుగలకు సంబంధించినది. వృత్తిగా ప్రదర్శించు బృందములు అరకు ప్రాంతమున కలవు. వారిని తగిన పారితోషికముతో ఆహ్వానించి కూర్చుండి చూడవచ్చును. పొలమునుండి అలసివచ్చిన స్త్రీలను నిలిపి ఆడుమనుట, మత్తులో వారి వలయమున దూరుట, చేతులు పట్టుకొనుట మాత్రము క్షమింపరాని కార్యములు.

ఫొటోల విషయమున నియమము సులభము. ముందు మాట, తరువాత అనుమతి, ఆ పిమ్మట కెమెరా. వద్దన్నచో కెమెరాను సంచిలో పెట్టి మాట కొనసాగింపవలెను. మాట సైతము ఆపివేసినచో మనకు కావలసినది బొమ్మయే గాని మనిషి కాదని ఒప్పుకొన్నట్లగును. స్నానఘట్టముల వద్ద, పాలిచ్చు తల్లుల వద్ద, శవయాత్రల వద్ద కెమెరా తీయనే తీయరాదు. పిల్లలకు బిస్కట్లు, చాక్లెట్లు విసరి వారు ఎగబడుచుండగా చూచి ఆనందించు అలవాటును మానవలెను. అది పిల్లలకు యాచన నేర్పును, పెద్దల గౌరవమును కించపరచును. ఇవ్వదలచినచో పలకలు, పుస్తకములు, ఆటవస్తువులు బడి ఉపాధ్యాయునికి అందజేసి రావలెను.

ఒదిగియుండుటకు మన సాహిత్యచరిత్రలోనే ఒక మహనీయ నిదర్శనము కలదు. గిడుగు వేంకటరామమూర్తి పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా ఉన్న కాలమున, చుట్టుప్రక్కల కొండలలోని సవరలతో మాటలాడవలెనన్న ఒక్క కోరికతో, వ్యాకరణముగాని నిఘంటువుగాని లేని వారి భాషను వారి నోటినుండియే నేర్చికొనిరి. వారి కథలను, పాటలను సేకరించిరి. వారి పిల్లల కొరకు బడులు పెట్టించి, వాచకములు వ్రాసిరి. జ్వరపీడితమైన ఆ కొండలలో తిరుగుచు వాడిన క్వినైను వలన వారి వినికిడి చెడిపోయినది. అయినను ఆ కృషిని విడువక, 1931లో సవర భాషా వ్యాకరణమును, తరువాత నిఘంటువును వెలువరించిరి. ఆదిలాబాదు గోండుల నడుమ మర్లవాయి గ్రామమున నివసించి, వారి పిల్లలకు చదువు చెప్పు ఉపాధ్యాయుల శిక్షణకు కారకులైన హైమండార్ఫ్ దంపతులును ఈ కోవకు చెందినవారే. హైమండార్ఫ్ భార్య బెట్టీ ఎలిజబెత్ 1987లో మరణించినప్పుడు ఆమెను మర్లవాయిలోనే సమాధి చేసిరి. అంతటి తపస్సు మనవలన కాకపోవచ్చును. రెండు దినముల యాత్రలో మనము చేయగలిగినది, ఆతిథ్యమిచ్చిన ఇంటివారి భాషలో ఒక పలుకరింపును, ఒక కృతజ్ఞతావాక్యమును వారినే అడిగి నేర్చికొనుట. ఉచ్చారణ తప్పినను వారు సంతోషింతురు. తప్పు దిద్దు అవకాశము వారికి లభించినప్పుడే మన నడుమ సమానత మొదలగును.

మూడవ అభ్యాసము: న్యాయముగా ఇచ్చుట

మన్యపు జీవనమును చూడగోరువాడు వారపు సంతకు పోవలెను. తెల్లవారకముందే కావిళ్ళతో, తట్టలతో కొండలు దిగివచ్చి, చింతపండు, పసుపు, అల్లము, పిప్పళ్ళు, రాజ్‌మా చిక్కుళ్ళు, చోళ్ళు, సామలు, అడ్డాకులు, కొండచీపుర్లు, కరక్కాయలు, కుంకుళ్ళు, తేనె అమ్ముకొని, ఉప్పు, ఎండుచేపలు, నూనె, బట్టలు కొనుక్కొని చీకటి పడకముందే తిరిగి కొండలెక్కు జనము ఆ సంతలో మనకు కానవత్తురు. అది వారికి అంగడి మాత్రమే కాదు. బంధువుల కలయిక, సంబంధముల మాట, తగవుల పరిష్కారము సైతము అచ్చటనే జరుగును.

ఈ సంతలలో అనేక దశాబ్దములు మోసము రాజ్యమేలెను. వర్తకులు అప్పులిచ్చి, పంట చేతికి రాకముందే దానిని వ్రాయించుకొని, కొలతలో ఒక మోసము, ధరలో ఒక మోసము చేసి, గిరిజనుని ఎన్నటికిని తీరని ఋణమున ముంచుచుండిరి. ఆ దోపిడిని అరికట్టుటకే 1956లో గిరిజన సహకార సంస్థ విశాఖపట్టణము కేంద్రముగా స్థాపింపబడెను. అటవీఫలసాయమును నిర్ణయించిన ధరకు కొని, నిత్యావసర వస్తువులను వారికి అమ్ముట దాని పని. ఆ సంస్థ దుకాణములలో తేనె, కాఫీ, పసుపు, సబ్బులు కొనుట మనకును వారికిని లాభము.

సంతలో నేరుగా కొనువారికి ఒక్క సూచన. తట్ట ముందు కూర్చున్న ముసలమ్మతో పది రూపాయల కొరకు బేరమాడరాదు. ఆమె ఆ పిప్పళ్ళ కొరకు అడవిలో ఎంత తిరిగినదో, సంతకు ఎన్ని మైళ్ళు నడచినదో ఆలోచించిన పిమ్మట, నగరపు అంగడిలో అచ్చు వేసిన ధరను మారుమాట లేక చెల్లించు మనకు ఇచ్చట మాత్రము బేరమాడు హక్కు ఎచ్చటినుండి వచ్చినదని మనలను మనమే ప్రశ్నించుకొనవలెను. ధర ఎక్కువని తోచినచో కొనక నమస్కరించి సాగిపోవచ్చును, తగ్గించుమని వేధింపరాదు.

కాఫీ విషయము ప్రత్యేకముగా చెప్పదగినది. సిల్వరోకు చెట్ల నీడలో, మిరియపు తీగల నడుమ గిరిజన రైతులు తమ చిన్న చిన్న తోటలలో పెంచు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించినది. వేసవి తొలకరి జల్లులకు తెల్లని పూలు పూచి, శీతకాలమునకు ఎర్రబడిన పండ్లను మాత్రమే ఏరి కోసి, పైతొక్క తీసి, కడిగి, ఎండబెట్టినచో గాని మంచి రుచి రాదు. పచ్చికాయను, పండును కలిపి దూసినచో సరకు ధర పడిపోవును. ఇంత ఓర్పుతో పండించిన పంట గనుకనే అరకు పేరున ఆ కాఫీ పారిస్ నగరపు అంగడి వరకు పోగలిగినది. తోట చూడబోయినవారు కొమ్మలు వంచి ఫొటోలు తీసికొనుట, ఆరబెట్టిన గింజలపై నడచుట చేయక, రైతును అడిగి పనిని తెలిసికొని, వీలైనచో అతనివద్దనే పొడి కొని రావలెను. బసకు సైతము ఊరివారు నడుపు గదులకు ప్రథమస్థానమీయవలెను. మనము వెచ్చించు ధనము కొండమీద నిలుచుటకు అంతకంటె సులువైన ఉపాయము లేదు.

నాలుగవ అభ్యాసము: మితముగా పుచ్చుకొనుట

పాడేరు చెంతనున్న వంజంగి కొండ కొన్నేండ్ల క్రిందటి వరకు చుట్టుప్రక్కల వారికి తప్ప తెలియదు. మేఘములు లోయలో పాలసముద్రమువలె పరచుకొని, వాని పైనుండి సూర్యుడు ఉదయించు ఆ దృశ్యము ఫోనుల ద్వారా ప్రచారమైన పిమ్మట, రాత్రియే వచ్చి మంటలు వేసి, మద్యము సేవించి, సీసాలు పగులగొట్టి పోవువారు ఎక్కువైరి. ఆ గాజుపెంకు గుచ్చుకొనునది మరునాడు పశువులను తోలుకొనిపోవు పిల్లవాని పాదమున. మనము తెచ్చిన ప్రతి వస్తువును మనమే తిరిగి తీసికొనిపోవుట, మద్యము ముట్టక కొండ ఎక్కుట, వేకువ నిశ్శబ్దమును భగ్నపరచక నిలుచుట అను మూడు నియమములను పాటించినచో ఆ సూర్యోదయము మనకును నిండుగా దక్కును.

జలపాతముల వద్ద, చాపరాయివంటి రాతిపరపుల వద్ద నీటి అడుగున పాచి పట్టి జారును. పైన ఎచ్చటనో కురిసిన వానకు నీరు ఉన్నట్లుండి పెరుగును. ఊరివారు వద్దన్న చోట దిగరాదు. ఆ నీటి స్వభావము వారికి తెలిసినంత మనకు తెలియదు. వారి మాట పెడచెవిని పెట్టినవారు ప్రాణములు పోగొట్టుకొనుట పలుమారులు జరిగినది. బొర్రా గుహలలో సున్నపురాతి నుండి చుక్కచుక్కగా జారిన నీరు వేలాది సంవత్సరములలో మలచిన ఆకృతులను తాకుట, గీయుట, ముక్క విరుచుట మహాపరాధము. మన చేతిజిడ్డు సైతము ఆ రాతి పెరుగుదలను ఆపగలదు. కోతులకు తిండి వేయరాదు. అలవాటుపడిన కోతిమూక మనము పోయిన పిమ్మట ఊరివారి మొక్కజొన్నచేల మీద పడును.

కొండవాలున చెట్లు కొట్టి కాల్చిన పోడును చూచి, వీరే అడవిని నాశనము చేయుచున్నారని తీర్పు చెప్పుటకు తొందరపడరాదు. కొన్నేండ్లు సాగుచేసి, మరికొన్నేండ్లు బీడు విడిచి, అడవిని మరల పెరుగనిచ్చు పద్ధతి జనము తక్కువగా, నేల విస్తారముగా ఉన్న కాలమున చక్కగా నడచినది. నేల కుంచించుకొనిపోయిన కొలది బీడుకాలము తగ్గి, సారము క్షీణించినది. ఆ కుంచించుకొనిపోవుటకు కారణములలో మైదానపు అవసరములే అధికము. తాతలనాటినుండి సాగుచేయుచున్న అడవిభూమిపై వారికి గల హక్కును 2006 నాటి చట్టము గుర్తించినది.

ఇక భూమి మాట. రమ్యమైన లోయను చూడగానే, ఇచ్చట ఎకరము ఎంత పలుకునని అడుగు యాత్రికులు కలరు. ఆ ప్రశ్న అడుగనే రాదు. షెడ్యూలు ప్రాంతములలో గిరిజనుల భూమి గిరిజనేతరులకు బదిలీయగుటను 1959 నాటి నిబంధన నిరోధించినది. 1970లో సవరింపబడి, ఒకటి బై డెబ్బది అను పేరున ప్రసిద్ధమైన ఆ చట్టము గిరిజనేతరులు తమలో తాము అమ్ముకొనుటను సైతము నిషేధించినది. అనంతగిరి మండలములోని బొర్రా ప్రాంతపు గ్రామములలో గనుల కౌళ్ళపై సమత అను సంస్థ నడిపిన వ్యాజ్యమున, 1997 జూలై 11వ తేదీన సుప్రీంకోర్టు షెడ్యూలు ప్రాంతములోని ప్రభుత్వ భూమిని సైతము ప్రైవేటు కంపెనీలకు కౌలుకీయరాదని తీర్పు చెప్పినది. గుహలు చూడవచ్చు లక్షలాది జనులలో ఆ తీర్పు పుట్టినది ఆ కొండలలోనే అని ఎరిగినవారు మిక్కిలి తక్కువ. బినామీ పేర్లతో మన్యమున స్థలము సంపాదించుట చట్టవిరుద్ధము, అధర్మము. అందమైన ప్రతి వస్తువును స్వంతము చేసికొనవలెనను తహతహను జయించుట ఈ యాత్ర మనకు నేర్పగల పెద్ద చదువు.

సాధన

యాత్ర ముగిసి ఇల్లు చేరిన పిమ్మట మొదటి వారములోనే ఈ ప్రశ్నలకు కాగితముపై సమాధానములు వ్రాయుడు. ఆతిథ్యమిచ్చినవారి పేరును, వారి తెగను, వారు ఇంట మాటలాడు భాషను చెప్పగలరా? వారినుండి నేర్చిన పని, మొక్క, మాట ఒక్కటైనను కలదా? వెచ్చించిన ధనములో కొండమీద నిలిచినది ఎంత, మైదానమునకు తిరిగివచ్చినది ఎంత? తీసిన ఫొటోలలో అనుమతి లేనివి ఎన్ని? వానిని తుడిచివేసితిరా? ఇస్తామని మాట యిచ్చిన ఫొటోలను, పుస్తకములను పంపితిరా? సమాధానములలో లోపము కనబడినచో నిరుత్సాహపడవలదు. మాట తప్పిన వస్తువును మరునాడే తపాలాలో పంపుడు, మిగిలినవానిని తరువాతి యాత్రలో దిద్దుకొనుడు. మీ వెంట పిల్లలు వచ్చియున్నచో వారిచేత సైతము ఈ సమాధానములు వ్రాయింపుడు. చిన్ననాట అలవడిన మర్యాద జీవితాంతము నిలుచును.

చూచిన చోట్ల సంఖ్యతో యాత్రను కొలుచు అలవాటును నేటితో విడువుడు. ఒక ఉదయమున ఏడు చోట్లు తిరుగుటకంటె, ఒక్క ఊరిలో ఒక పూట కూర్చుండి, వారు పెట్టిన చోడి అంబలి త్రాగి, వారు చెప్పినది విని వచ్చుట మేలు. మరల రమ్మని ఊరివారు తమంత తాముగా పిలిచినచో మీ యాత్ర సఫలమైనదని నమ్ముడు. ఈ శీతకాలమున మన్యమునకు పోదలచిన పాఠకులారా, ఆ పిలుపును సంపాదించుకొని రండు.